వెనక బాక్సు పక్క కుర్చీ

కిందటి వారం మెర్సీని మిక్సింగ్ గదిలో కూర్చోబెట్టి, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే ఆపేశాం. ఆ చెప్పులెవరివో చెప్పే ముందు, కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు.

కట్టంగూరులో చర్చి సభలకు మైకులూ బాక్సులూ కిరాయికిచ్చే ఏసోబు కూతురు మెర్సీ. నల్గొండలో టైల్సు కొట్టు మీద విజేందర్ పెట్టిన సౌండు స్టూడియోలో మూడేళ్లుగా పనిచేస్తోంది. విజేందర్‌కు బత్తాయి తోటలున్నాయి, ఊళ్లో పటేలన్న పలుకుబడి ఉంది, ఈ మధ్య సినిమా పిచ్చి కూడా పట్టింది. తన సొంత సినిమాలో కొడుకు శవం మీద తల్లి పడి శోకం పెట్టే ఘట్టం ఒకటి పెట్టాడు. ఆ శోకం ఏ నటీ పెట్టింది కాదు. రెండేళ్ల కింద మెర్సీ మేనత్త జంగమ్మ తన కొడుకు నాగరాజు శవం దగ్గర నిజంగా ఏడ్చిన ఏడుపు అది. దాన్ని ఆ రోజు ఫోనులో పట్టింది మెర్సీయే. ఏ గొంతు గట్టిగా తగిలినా పట్టి దాచుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మెర్సీ ఫోనులోని ఆ ఏడుపు విజేందర్ చెవిన పడి, ఆ నిప్పు ఇప్పుడు ఆయన చుట్టకు అంటుకుంది.

సినిమాను కొన్న కంపెనీ ఒక మెలిక పెట్టింది. ఆ గొంతు ఎవరిదో వాళ్ల ఒప్పుదల కాగితం పంపితేనే విడుదల. జంగమ్మ వేలిముద్ర వేస్తే తెర మీద 'సౌండ్ మిక్సింగ్: మెర్సీ' అని పడుతుంది. వేయకపోతే మెర్సీ మళ్లీ నాయిన వెంట చర్చి సభల్లో వైర్లు చుట్టుకోవాలి. కానీ ఆ శోకంలో ఒక మాట ఉంది. అది మాత్రం జంగమ్మ చెవిన పడకూడదు.

ఇదీ సంగతి. మెట్ల మీది చెప్పులు జంగమ్మవే.

విజేందర్ పంపిన కారులో వచ్చింది. పొద్దున పదకొండు కాలేదు, అప్పుడే ఎండ మండుతోంది. లోపలికి రాగానే ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. మందమైన తలుపు దాటి అడుగు పెట్టిందో లేదో, బయటి రోడ్డు చప్పుడంతా ఆగిపోయేసరికి బెదిరి వెనక్కి చూసింది.

"రా జంగమ్మా. గట్ల ఎనకకు కూసో" అన్నాడు విజేందర్, తలుపు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ చూపించి.

గది నడుమ మెత్తటి కుర్చీ ఒకటుంది. అది ఆయనది. చుట్టూ బాక్సులు: ముందు మూడు, వెనక ఎడమ ఒకటి, కుడి ఒకటి, కింద నేల మీద దడదడలాడే పెద్దది ఒకటి. ఆరింటి చప్పుడూ సమానంగా వచ్చి కలిసేది ఆ నడిమి కుర్చీ దగ్గరే. ఎవరెంత బాగా మిక్స్ చేసినా మంచీ చెడూ తేల్చేది అక్కడే. తలుపు పక్క కుర్చీ డ్రైవర్లకు, చాయ్ తెచ్చేవాళ్లకు, జంగమ్మలాంటి వాళ్లకు. వెనక ఎడమ బాక్సు ఆ కుర్చీకి జానెడు దూరంలో, సరిగ్గా చెవి ఎత్తున ఉంటుంది.

మెర్సీ చూసింది. చూసి ఏమీ అనుకోలేదు. ఆ గదిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో మూడేళ్లలో ఆమెకూ అలవాటైపోయింది మరి. తన నాయిన ఆరేడు సార్లు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుని పోయాడు; అప్పుడూ ఏమీ అనుకోలేదు.

"మంచినీళ్లు తాగుతవా అత్తా?"

"వద్దు బిడ్డా. నా కొడుకు పేరు సినిమాల ఇనపడ్తదన్నరు. అదొక్కపారి ఇని పోత."

"ఇనపడ్తది జంగమ్మా" అన్నాడు విజేందర్. "నీ కొడుకు బతికున్నన్ని రోజులు మీ ఊరోళ్లే వాని పేరు సక్కగ పిలువలే. ఇప్పుడు లోకమంత ఇంటది. సచ్చినంక గింత పేరు ఎవ్వలకు వస్తది చెప్పు."

జంగమ్మ తలూపింది. పాపం, ఆ మాటలో ముల్లు ఆమెకు తగిలిందో లేదో గాని మెర్సీకి తగిలింది. తగిలినా తల వంచుకుని మౌస్ కదిపింది.

నాగరాజు ఎలా పోయాడో చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. నాగరాజు కరెంటు డిపార్టుమెంటు మనిషి కాదు. ఊళ్లో ఎవరి ట్రాన్స్‌ఫార్మర్ కాలినా లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక రైతులు పిలిచేది అతన్నే. ఆ రోజు విజేందర్ బత్తాయి తోటలో మోటర్లు ఆగిపోయాయి. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను బంద్ పెట్టించాను, ఎక్కు, అన్నాడు విజేందర్. పెట్టించలేదు. తర్వాత చేద్దాంలే అనుకుని మరిచాడో, లేక ఒక్క ఫ్యూజు వేయడానికి ఇంత తతంగమెందుకని అసలు అడగనే లేదో దేవుడికెరుక. నాగరాజు ఎక్కాడు. దిగలేదు. సాయంత్రానికల్లా 'తాగి ఎక్కిండు' అన్న మాట ఊరంతా పాకింది. కాగితాల మీదా అదే ఎక్కింది.

లైను బందు పెట్టిచ్చిన్రట అని ఎక్కే ముందు నా కొడుకు ఫోన్ చేసి చెప్పిండని జంగమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. ఫోను రాలేదు, ఏమీ రాలేదు, కడుపుకోతకు నీకు మతి తప్పింది అన్నారు పెద్దమనుషులు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, ఊరు ఊరంతా అన్నారు. సొంత తమ్ముడు ఏసోబు కూడా, ఊరితో పెట్టుకోలేక, 'ఊకో అక్కా' అన్నాడు. నలుగురు చెప్తే మేక కుక్క అవుతుంది కదా. ఏడాది తిరిగేసరికి జంగమ్మకే అనుమానం పుట్టింది. ఒకరోజు మెర్సీని పట్టుకుని అడిగింది. "బిడ్డా, ఆ దినం శవం కాడ నా పక్కకే కూసున్నవ్ గదా. ఫోను ముచ్చట నేనేమన్న అన్ననా?"

"ఏం అనలే అత్తా. సోయి లేకుంట పడిపోయినవ్" అంది మెర్సీ.

అప్పటికి వారం కింద విజేందర్ ఆమెను చిన్నాచితకా పనులు మాన్పించి మిక్సింగ్ కుర్చీలో కూర్చోబెట్టాడు. అంతే. ఇంతకంటే సాకు ఆమెకు లేదు, ఆమె తరఫున నేనూ వెతకను.

అన్నది. ఫోను ముచ్చట జంగమ్మ ఆ శోకంలో అక్షరం పొల్లు పోకుండా అన్నది. అది మెర్సీ ఫోనులో ఉంది.

ఆ మాట తీసేయమని విజేందర్ వారం రోజులు సతాయించాడు. కోస్తే ఏడుపు తెగినట్టు తెలిసిపోతుంది. మొత్తం శోకంలో గొంతు తారస్థాయికి పోయేది ఆ మాట దగ్గరే. ఆ గొంతు ఆయనకు కావాలి, ఆ మాట వద్దు. చివరికి మెర్సీయే ఉపాయం చెప్పింది. ఆ మాట పడే చోట ముందు బాక్సుల్లో డప్పు దెబ్బలు వేసింది. గొంతు వినపడుతుంది, మాట డప్పు కింద నలిగిపోతుంది. ఇక ఏడుపు హాలంతా తిరగాలని, అదే గొంతును అర సెకను ఆలస్యంగా వెనక బాక్సుల్లోకి పంపింది. ఆ ఆలస్యాన్నే డిలే అంటారు. గుట్ట ముందు నిలబడి కేకేస్తే గుట్ట తిరిగి చెప్పినట్టు. నడిమి కుర్చీలో కూర్చుని పదిసార్లు విన్నారు. ఒక్క అక్షరం తెలియలేదు. విజేందర్ ఆమె భుజం తట్టాడు.

మెర్సీ ఇప్పుడు ప్లే నొక్కింది.

గదిలో దీపం తగ్గింది. తెర మీద పాడె, జనం, ఎవరో నటి నోరు తెరిచి రొమ్ము కొట్టుకుంటోంది. ఆ నోట్లోంచి జంగమ్మ గొంతు వచ్చింది.

"నా కొడుకా నాగరాజా... పొద్దుగాల సద్ది తిని పోతివి కొడుకా... పొద్దు మీదికి రాకముందే నన్ను ఇడిసి పోతివి కొడుకా..."

ముందు నుంచి గొంతు, వెనక నుంచి దాని నీడ. జంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మెర్సీ అటు చూడలేదు, తెర మీద కదిలే గీతలే చూస్తూ కూర్చుంది. ఇంకో నాలుగు సెకన్లు. డప్పు మోగింది. గొంతు ఎగసింది. దాటిపోయింది. మెర్సీ ఊపిరి వదిలింది.

"మల్ల పెట్టు" అంది జంగమ్మ.

"ఎందుకు జంగమ్మా, ఒక్కపారి ఏడిస్తె సాలదా" అని నవ్వాడు విజేందర్. "ఇగో కాయితం. ఏలిముద్ర ఏసి పో. కారుల దింపిపిస్త."

"మల్ల పెట్టు బిడ్డా. అది నా గొంతే."

మెర్సీ పెట్టింది. ఈసారి జంగమ్మ తెర వైపు చూడలేదు. పక్కనున్న బాక్సు వైపు తిరిగి, దాని గుడ్డకు చెవి ఆనించింది. డప్పు మోగింది, దాటిపోయింది.

జంగమ్మ లేచి నిలబడింది.

"ముంగట డప్పే ఇనపడ్తాంది. గీ ఎనక పెట్టెల నేను మాట్లాడ్తున్న."

"ఏం మాట్లాడ్తున్నవ్?" విజేందర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నా కొడుకు ఫోన్ జేసిండంటున్న. విజేందర్ పటేలు లైను బందు పెట్టిచ్చిండట, ఎక్కి వస్త అవ్వా అన్నడంటున్న."

విజేందర్ మెర్సీ వైపు చూశాడు. ఆయన కళ్లు చెప్పమన్నదే మెర్సీ చెప్పింది.

"అట్లేం లేదత్తా. అది డిలే. గొంతు రెండు సార్లు వస్తది, మాటలు ఒకదాని మీద ఒకటి పడ్తయి. నీ మనసుల ఉన్నదే నీకు ఇనపడ్డది."

"నా మనసులదా?"

"అవును అత్తా."

"మతి తప్పిందంటవ్, అంతే గదా."

జంగమ్మ వచ్చి మెర్సీ రెక్క పట్టుకుంది. పత్తి ఏరి, కలుపు తీసి గట్టిపడ్డ చెయ్యి అది; విడిపించుకోవడం మెర్సీ వల్ల కాలేదు. లాక్కుపోయి తలుపు పక్క కుర్చీలో కుదేసింది.

"ఇగ ఇప్పుడు పెట్టుమను మీ పటేల్ని. నువ్వు ఇను. ఇని నా మొఖం జూసి చెప్పు."

విజేందర్‌కు ఈ ఆట సరదాగానే ఉంది. ముసలిదాని పిచ్చి కుదిర్చి పంపిద్దామనుకున్నాడేమో, తనే లేచి మీట నొక్కాడు.

మూడేళ్లలో మెర్సీ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. డప్పు ఎక్కడో దూరంగా, గోడ అవతల మోగినట్టు మోగింది. చెవి పక్కన మాత్రం అత్త గొంతు ఒక్కటే, కడిగినట్టు, తేటగా, అర సెకను ఆలస్యంగా. "విజేందర్ పటేలు బందు పెట్టిచ్చిండట కొడుకా... ఎక్కుమన్నడంటివి కొడుకా... అవ్వా గడియల వస్తనంటివి కొడుకా..."

ఎంత తెలివితక్కువ పని. డప్పు ముందు బాక్సుల్లో మాత్రమే వేసింది. వెనక్కి పోయే గొంతును ఆ మాట దగ్గర ఆపాలని తోచనే లేదు. నడిమి కుర్చీలో రెండూ కలిసి మాట మాయమైంది కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. వెనక్కి వచ్చి కూర్చుని వినాలని ఆ స్టూడియోలో ఎవరికీ తోచదు. అక్కడ కూర్చునేవాళ్ల చెవులు ఎవరికి లెక్క? బాక్సుల నడుమ పుట్టి పెరిగిన ఏసోబు కూతురికి కూడా తోచలేదు. సిగ్గుతో ఆమె ఒళ్లంతా మండింది.

"చెప్పు" అంది జంగమ్మ.

మెర్సీ కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు చాలు.

విజేందర్‌కు అప్పుడు అర్థమైంది. నవ్వు మాయమైంది. కానీ పటేలు పటేలే. ఇరుక్కున్న కాలు తీసుకోవడానికి పక్కవాడి మెడ మీద వేయడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

"జంగమ్మా, నన్నెందుకు అట్ల జూస్తవ్. ఇది నేను పట్టిన గొంతు కాదు. నీ కొడుకు శవం పక్కన కూసోని, నువ్వు ఏడుస్తుంటె ఫోన్ల రికార్డు చేస్కున్నది నీ మేనకోడలే. రెండేండ్ల సంది దాని కాడనే ఉంది. నీకు చెప్పలేదా?" ఆగి, తీరిగ్గా అన్నాడు. "ఆ మాట మీద డప్పు ఎయ్యమని ఉపాయం చెప్పింది కూడ అదే. నాకు గంత తెలివి ఏడిది."

జంగమ్మ మెర్సీ వైపు చూసింది. తిడుతుందనుకుంది మెర్సీ, కొడుతుందనుకుంది. జంగమ్మ గొంతు మాత్రం మామూలుగానే ఉంది, అదే భయంకరంగా ఉంది.

"నీ కాళ్లు మొక్కినట్టు అడిగిన బిడ్డా. నేనేమన్న అన్ననా అని. నా కొడుకు తాగిండేమో అని నేను గూడ అనుకున్న. వాని సమాధి కాడికి పోయి, ఎందుకు తాగినవ్ కొడుకా అని వాన్నే తిట్టి వచ్చిన. ఎన్నిమార్లు తిట్టిన్నో. సచ్చినోన్ని తిట్టిచ్చినవ్ నాతోని."

"అత్తా..."

"నన్ను అత్తా అనకు. నీ చెవులల్ల పురుగులు పడ."

మెర్సీ చెవులు మూసుకోబోయి చేతులు దించేసింది. శబ్దాన్ని నమ్ముకుని బతికే మనిషికి అంతకంటే శాపం ఇంకేముంటుంది.

"ఆ ఏడుపులు కింద ఏడువుండ్రి" అన్నాడు విజేందర్. "మెర్సీ, లే. కంప్యూటర్ల ఉన్నది తీసెయ్. నీ ఫోన్ల ఉన్నది గూడ. నా ముంగట. లేకుంటె తెర మీద నీ పేరు కాదు, నల్గొండల నీకు మైకు పట్టే పని గూడ దొరకదు. మీ నాయిన బాక్సులు ఎవడు కిరాయికి తీస్కుంటడో గూడ చూస్త."

మెర్సీ లేచి తన కుర్చీకి వచ్చింది. జంగమ్మ చూస్తుండగా ముందు ఫోనులోది తీసేసింది. తర్వాత కంప్యూటర్లో అసలు రికార్డు, ఆ తర్వాత మిక్సు. నిజంగా తీసేయమంటావా అని యంత్రం ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ ఔనంది.

కానీ ఒక సంగతి అప్పుడే ఆమెకు గుర్తుకొచ్చింది. నిన్న పొద్దుగూకే వేళ విజేందర్ ఫోన్ చేసి, గడువు ముగుస్తోంది, ఉన్నది ఉన్నట్టు కంపెనీకి పంపెయ్, నన్ను అడగకు అని కసురుకున్నాడు. పంపేసింది. ఆ ఫోను సంగతి ఇప్పుడు ఆయనకు గుర్తున్నట్టు లేదు. ఆరు బాక్సులకు ఆరు ట్రాకులు, దేనికది విడివిడిగా. వెనక ఎడమ బాక్సుది ఒక్కటీ తెరిచి వింటే డప్పూ లేదు, గిప్పూ లేదు. చెప్పాలి. చెప్తే అత్త మొహంలోకి మళ్లీ ప్రాణం వస్తుంది. చెప్తే విజేందర్ ఒక్క ఫోనుతో వెనక్కి తెప్పిస్తాడు. మెర్సీ నోరు మూసుకుంది. అది ధైర్యమో, మూడేళ్లుగా అలవాటైన పిరికితనమో ఆమెకే తెలియదు.

"అయిపోయింది" అన్నాడు విజేందర్. "ఇగ నీ గొంతూ లేదు, నీ ఫోనూ లేదు జంగమ్మా. పో, ఇంటికి పో. శోకాన్ని వేరేదాన్ని తెచ్చి పెట్టిపిస్త."

"కాయితంల ఏం రాసుంది?" అంది జంగమ్మ.

"నీకెందుకు?"

"సదువు" అంది మెర్సీతో, ఆమె వైపు చూడకుండానే.

మెర్సీ చదివింది. "నా కొడుకు నాగరాజు చనిపోయిన రోజున, అతని శవం దగ్గర నేను పెట్టిన శోకం ఇది. ఇందులోని గొంతు నాదేననీ, ప్రతి మాటా నేను అన్నదేననీ ఒప్పుకుంటున్నాను."

"ప్రతి మాటా" అంది జంగమ్మ. ఇంకు డబ్బా తనే లాక్కుని, బొటనవేలు అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తింది. "గొంతు తుడిస్తె తుడువుండ్రి. ఆ దినమే అన్న అని రాసిన కాయితం గిదొక్కటే నాకు. నా మతి తప్పలే."

కాగితం ఇమ్మని చెయ్యి చాపింది. విజేందర్ దాన్ని పైకెత్తి పట్టుకుని నవ్వాడు. "ఏలిముద్ర నీదే. కాయితం నాది." జంగమ్మ ఆ చెయ్యి అలాగే కాసేపు చాపి ఉంచి, తర్వాత దించుకుంది. తలుపు తోసుకుని వెళ్లిపోయింది. కారు ఎక్కదని మెర్సీకి తెలుసు. ఆ ఎండలో బస్టాండు దాకా నడుస్తుంది.

విజేందర్ బల్ల మీద కాగితం పరిచి ఫోనుతో ఫొటో తీశాడు. అడగకుండా వేలిముద్ర దొరికిందని ఆయనకు పండగగా ఉంది. ముందు ఇది పంపితే పని ఖాయమవుతుంది, వేరే ఏడుపు పెట్టినా ఈ కాగితమే చెల్లుతుంది, మిక్సు రేపు సాయంత్రానికి కొత్తది చేసివ్వు అంటూనే కంపెనీకి పంపేశాడు. రెండు నిమిషాలు తిరక్కుండానే జవాబు వచ్చింది. ఆయనే పైకి చదివాడు. "కాగితం అందింది. నిన్న వచ్చిన ఆరు ట్రాకులూ..."

చదవడం ఆపేశాడు.

"నిన్నంటె?"

"మీరే పంపుమన్నరు సార్" అంది మెర్సీ. తన గొంతు వణకడం లేదని ఆమెకే ఆశ్చర్యం వేసింది. "అన్ని బాక్సులయి. ఎనక బాక్సులది గూడ."

"అప్పటి సంది తెల్సి, జంగమ్మ ఏలిముద్ర ఏస్తుంటె ఊకున్నవా?"

"మీరు అడుగలే సార్."

ప్రతి మాటా నాదే అన్న కాగితమూ, ఆ మాటా ఇప్పుడు కంపెనీ దగ్గర ఒకేచోట ఉన్నాయి. విజేందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మెర్సీ లేచేలోపే తలుపు దగ్గరికి నడిచి, మందమైన ఆ తలుపు మూసి, లోపలి గడియ వేశాడు. లోపల ఎంత గొంతెత్తినా కింది టైల్సు కొట్టులోకి చీమంత చప్పుడు పోకూడదని మనుషుల్ని పెట్టి మరీ కట్టించిన గది అది.